ఆగి ఆగి నడిచే బోటు ఇంజను: పానా పట్టేముందు చూడాల్సినవి

పూర్తిగా చచ్చిన ఇంజనుతో పెద్ద తంటా ఉండదు. ఒడ్డుకు లాక్కొచ్చి, విప్పి, పోయిన సామాను మార్చుకుంటాం. ప్రాణం తోడేసేది ఆగి ఆగి నడిచే ఇంజనే. ఒడ్డున గంటసేపు ఆడించినా పల్లెత్తు మాట అనదు, మెకానిక్ వచ్చి చెవి పెట్టి విని "ఏముందన్నా, బాగానే ఉంది గదా" అని బండెక్కి వెళ్ళిపోతాడు, తెల్లారుజామున వేటకు పోయి నాలుగు మైళ్ళు దాటామో లేదో ముక్కి, మూలిగి, ఆగుతుంది. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎత్తుకుంటుంది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా మన ప్రకాశం, నెల్లూరు తీరంలో, అటు కొత్తపట్నం, పాకల నుంచి ఇటు జువ్వలదిన్నె, తుమ్మలపెంట, మైపాడు దాకా తిరిగే ఫైబర్ బోట్లలోని చిన్న డీజిల్ ఇంజన్ల గురించి. ఒకటి రెండు సిలిండర్లవి. బయట తగిలించే అవుట్‌బోర్డు మోటార్ల రోగాలు వేరు, వాటి సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

మా చిన్నాన్నది కొత్తపట్నం. ఒక ఏడాది వేట నిషేధం అయిపోయి, అంటే జూన్ 14 దాటాక బోటు నీళ్ళలో దించిన మొదటి వారం నుంచే ఆయన ఇంజను ఈ ఆట మొదలుపెట్టింది. ముందు సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ అన్నారు, మార్చాం. రెండు రోజులు బాగుంది. తర్వాత నాజిల్‌కు ఒత్తిడితో డీజిల్ కొట్టే పెద్ద పంపు అన్నారు, ఒంగోలు తీసుకెళ్ళి క్యాలిబ్రేషన్ చేయించాం. మళ్ళీ రెండు రోజులు బాగుంది. ఆ తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు, ఫీడ్ పంపు. మొత్తం 14 వేలు వదిలాయి, పోయిన వేటల లెక్క వేరే. ఆఖరికి దొరికిన దొంగ ఖరీదు అర్ధరూపాయి కూడా ఉండదు, వాడెవడో ట్యాంకు దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. ప్రతిసారీ ఆ రెండు రోజులు ఎందుకు బాగుంటోందో మాలో ఒక్కరం ఆలోచించలేదు. సామాను మార్చాలంటే పైపులు విప్పాలి, డీజిల్ కాస్త వెనక్కి జారుతుంది, మళ్ళీ బిగించి గాలి తీస్తాం. ఆ విప్పడంలోనే రోగం కాసేపు సర్దుకునేది. మేమేమో కొత్త సామాను పుణ్యం అనుకునేవాళ్ళం.

ఆగిన మొదటి రెండు నిమిషాలు

ఇంజను ఆగగానే చెయ్యి దానంతట అదే హ్యాండిల్ మీదికి పోతుంది, సెల్ఫ్ ఉన్న బోటయితే బటన్ మీదికి. ఆపుకోండి. అలలు విరిగే చోటికి దగ్గరగా ఉన్నా, గాలి ఒడ్డువైపు తోస్తున్నా ముందు లంగరు వేయండి, అందులో ఇంకో మాట లేదు. బోటు నిలకడగా ఉందంటే మాత్రం ఆ రెండు నిమిషాలు ఇంజనును ముట్టకుండా చూడండి. ఎందుకంటే రోగం ఆ క్షణంలో దాని చోట అది కూర్చుని ఉంటుంది. మీరు నాలుగు తిప్పులు తిప్పేసరికి లేచి పోతుంది, ఒడ్డుకొచ్చాక ఇక దాని జాడ దొరకదు.

ఎలా చచ్చిందో గుర్తు తెచ్చుకోండి. రేసు తగ్గుతూ పెరుగుతూ, ఎవరో యాక్సిలరేటర్‌తో ఆడుకుంటున్నట్టు రెండు మూడుసార్లు ఊగి ఆగిందా? అది ఆకలి చావు. డీజిల్ అందలేదు, లేకపోతే డీజిల్‌తో పాటు గాలి లోపలికి పోయింది. ఆగి ఆగి నడిచే డీజిల్ ఇంజన్లలో నేను చూసినవి చాలావరకు ఈ రకమే. అలా కాకుండా స్విచ్చి కట్టేసినట్టు ఠక్కున ఆగిందంటే స్టాప్ లివర్ మీద, దాని కేబుల్ మీద కన్నేయండి. అదురుకు లివర్ స్ప్రింగు జారి కొంచెం కొంచెంగా స్టాప్ వైపు జరగడం మామూలే. కరెంటుతో పనిచేసే స్టాప్ సోలినాయిడ్ ఉంటే దాని వైరు చివర ఉప్పు పట్టి పచ్చగా అయిందేమో చూడాలి. నల్ల పొగ కక్కుతూ, ఏదో బరువు మోస్తున్నట్టు కుంగి కుంగి ఆగితే కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకు వల ముక్కో నైలాన్ తాడో చుట్టుకుని ఉంటుంది, లేదంటే గాలి ఫిల్టరు పూడిపోయి ఉంటుంది. తెల్ల పొగ పోస్తూ ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ తప్పుతూ ఆగితే డీజిల్లో నీళ్ళని అనుమానించవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం అసలు తిప్పకూడదు. కాలిన వాసన, ముట్టుకోలేనంత వేడి, ఆగేటప్పుడు ఒక గుంజు, ఇవి ఉంటే ఇంజను పట్టేయబోతోందని అర్థం. చల్లారనివ్వండి. కంగారులో బకెట్‌తో సముద్రపు నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు చీలుతుంది, అప్పుడు ఈ వ్యాసంతో మీకు పనుండదు.

తర్వాత టైము చూసుకోండి. బయల్దేరిన ఎంతసేపటికి ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, అల ఎలా ఉంది, ఫుల్ రేసులోనా మెల్లగా పోతున్నప్పుడా. కాగితం మీద రాసే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఫోనులో మీకు మీరే ఒక వాయిస్ మెసేజ్ పెట్టుకోండి. నాలుగైదుసార్లయ్యాక వరసగా వింటే విషయం దానంతట అదే బయటపడుతుంది. ప్రతిసారీ ముప్పై నలభై నిమిషాలకే ఆగుతోందంటే ట్యాంకుకు ఊపిరి అందడం లేదేమో, లేదా వేడెక్కుతోందేమో. అల లేచినప్పుడు మాత్రమే అయితే ట్యాంకు అడుగున ఉన్న నీళ్ళూ మురికీ కలిసి పైకి వస్తున్నాయి. ట్యాంకు సగానికి దిగాకే మొదలవుతోందంటే ట్యాంకు లోపలి పీల్చే గొట్టానికి సగం ఎత్తులో ఎక్కడో బీట ఉంది. డీజిల్ దానికి పైన ఉన్నంతసేపు బీట తెలియదు, కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. ఇలాంటిది ఒడ్డున ఫుల్ ట్యాంకుతో ఎంతమంది మెకానిక్‌లు చూసినా దొరకదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మళ్ళీ ఏం చేస్తే స్టార్టయింది? ఏమీ చేయకుండా పది నిమిషాలు ఆగి తిప్పితే ఎత్తుకుందంటే ఏదో అడ్డం పడి, తొలిగింది. గాలి తీస్తే తప్ప ఎత్తుకోలేదంటే ఎక్కడో గాలి దూరుతోంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ట్యాంకు మూత

ఆగిన వెంటనే, ఇంకేమీ ముట్టకముందు, ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టి మెల్లగా తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు వినిపిస్తే మీ అదృష్టం పండింది. డీజిల్ బయటికి పోయినంత గాలి ట్యాంకులోకి రావాలి. రాకపోతే లోపల పీడనం తగ్గిపోయి పంపు ఎంత గుంజినా డీజిల్ కదలదు. మూతకుండే చిన్న చిల్లు ఉప్పుతో పూడుతుంది, బోటుకు రంగు వేసేటప్పుడు బ్రష్షు తగిలి మూసుకుపోతుంది, నిషేధం రెండు నెలలు బోటు ఇసకలో పడి ఉన్నప్పుడు మట్టిగూడు కట్టే కందిరీగ వచ్చి అందులో కాపురం పెడుతుంది. వేరే గొట్టం పెట్టి ఊపిరి వదిలిన ట్యాంకయితే ఆ గొట్టం చివర చూడండి. సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. మూత వదులు చేసి ఒక గంట నడిపితే ఆగలేదంటే అక్కడితో అయిపోయింది. కాకపోతే మూత వదులుగా ఉంచి రోజూ తిరగకండి, అల పడిందంటే ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి, ఒక రోగం పోయి ఇంకో రోగం.

మా చిన్నాన్న బోటులో మూత బాగానే ఉంది. దొంగ లోపల ఉన్నాడు. బంకు నుంచి డీజిల్ తెచ్చే క్యాను మూతి అంచు నుంచి ఊడిన నీలం ప్లాస్టిక్ పెచ్చు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. ట్యాంకులో తేలుతూ మునుగుతూ తిరిగేది. ఇంజను లాగుతున్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు పీల్చే గొట్టం మూతికి అతుక్కునేది, అంతే, ఊపిరాడక ఇంజను ఆగేది. ఆగగానే లాగుడు ఉండదు కాబట్టి మెల్లగా ఊడి అడుగుకు పోయేది. మేం తిప్పితే స్టార్టయ్యేది. ట్యాంకు మొత్తం దించి, తెల్ల బేసిన్లో డీజిల్ వంచి, బనియన్ గుడ్డలో వడగట్టినప్పుడు గుడ్డ మీద మిగిలింది అదొక్కటే. చిన్నాన్న దాన్ని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసి, "దీనికారా పద్నాలుగు వేలు" అన్నాడు.

మీ ట్యాంకులో కూడా ప్లాస్టిక్ పెచ్చో, ఎండిన ఎం-సీల్ ముక్కో, ఆకో ఉండొచ్చు. టార్చి వేసి చూస్తే కనపడదు. పీల్చే పైపును ఫీడ్ పంపు దగ్గర విప్పి, సైకిలు పంపుతో ట్యాంకువైపు గాలి కొట్టండి, మూత తీసి ఉంచి. లోపల గుడగుడమని స్వేచ్ఛగా బుడగలు రావాలి. మొదట కొంచెం అడ్డుపడి ఆ తర్వాత ఒక్కసారిగా వదిలిందంటే అక్కడ ఏదో ఉంది. దాన్ని వెనక్కి ఊదేసి ఊరుకుంటే మళ్ళీ రెండు రోజుల కథే, ట్యాంకు కడగాల్సిందే.

క్యానుతో పరీక్ష

ట్యాంకులో ఉందా, ఇంజనువైపు ఉందా తేల్చడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలియదు. శుభ్రమైన అయిదు లీటర్ల క్యాను, మూడు నాలుగు అడుగుల పారదర్శకమైన గొట్టం, రెండు క్లిప్పులు చాలు. పన్నెండు హార్స్‌పవర్ ఇంజను గట్టిగా లాగినా గంటకు రెండు, రెండున్నర లీటర్లకు అటూ ఇటూ తాగుతుంది కాబట్టి గంటన్నర పరీక్షకు సరిపోతుంది. ట్యాంకు పైపు ఊడదీసి క్యాను పైపు తగిలించండి. నాజిల్ నుంచి తిరిగొచ్చే సన్న పైపును కూడా క్యానులోనే పెట్టండి, ట్యాంకులోకి వదిలేస్తే లెక్క తప్పుతుంది. క్యాను మూతకు చిల్లు పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే కొత్త రోగాన్ని మనమే తయారు చేసుకున్నట్టు.

చాలామంది క్యానును ఎత్తున కట్టి, ఇంజను బాగా నడిచేసరికి "ట్యాంకులోనే దోషం" అని తేల్చేస్తారు. తొందరపడకండి. క్యాను పైన ఉంటే డీజిల్ దానంతట అదే కిందికి పారుతుంది, ఫీడ్ పంపు బలహీనంగా ఉన్నా తెలియదు. కాబట్టి ముందు ఎత్తున కట్టి ఒక గంట, తర్వాత క్యాను మళ్ళీ నింపి, ట్యాంకు అడుగు ఉన్న ఎత్తుకే దించి ఇంకో గంట. రెండింట్లోనూ బాగుంటే ట్యాంకు, దాని పైపు. పైన ఉన్నప్పుడు బాగుండి కింద పెడితే ఆగిందంటే ఫీడ్ పంపు, లేదా పంపు ముందున్న జాయింట్లలో గాలి. రెండింట్లోనూ ఆగిందంటే ట్యాంకును వదిలేసి ఫిల్టరు నుంచి ముందుకు చూడండి.

పరీక్ష ఒడ్డున చేస్తే ఫలితం ఉండదు. లోడు మీద, నీళ్ళలో చేయాలి. ఒంటరిగా పోవద్దు, పక్కన ఇంకో బోటు ఉండాలి.

గాలి ఎక్కడ దూరుతోంది

పీల్చే వైపు పైపుకు చిల్లు పడితే డీజిల్ కారదు. ఇది మనసులో నాటుకోవాలి. కారితే పట్టుకోవడం తేలిక, కానీ అక్కడ లాగుడు ఉంటుంది కాబట్టి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బయట అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే పారదర్శకమైన గొట్టం ముక్కను ఫీడ్ పంపుకు ముందు ఒకసారి, ఫిల్టరుకూ పెద్ద పంపుకూ మధ్య ఒకసారి పెట్టి చూడమంటాను. స్టార్టయిన కొత్తల్లో ఒకటి రెండు బుడగలు వస్తే పట్టించుకోనక్కర్లేదు. పావుగంట తర్వాత కూడా ఆవగింజల్లా వరసగా వస్తుంటే గాలి దూరుతోంది. గొట్టాన్ని ఒక్కో జాయింటు ట్యాంకువైపు జరుపుకుంటూ పోతే బుడగలు ఎక్కడ మాయమవుతాయో, అప్పుడే దాటొచ్చిన జాయింటే దొంగ.

రబ్బరు పైపు మధ్యలో ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, చివర్లే ఎండి బీటలు వారతాయి. చివర ఒక అంగుళం కోసి మళ్ళీ ఎక్కిస్తే సగం కేసులు తీరతాయి. క్లిప్పు మరీ గట్టిగా బిగిస్తే రబ్బరు తెగి ఇంకా ఎక్కువ పీలుస్తుంది. పైపు చివరి ఉంగరంలోంచి దూరే బాంజో బోల్టు దగ్గరి రాగి వాషర్లు పాతవైతే గట్టిపడి సరిగ్గా కూర్చోవు. కొత్తవి లేకపోతే పాతవాటినే ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడతాయి, మసి తుడిచి వేసుకోవచ్చు. నీళ్ళు వేరుచేసే గ్లాసు గిన్నె ఉంటే దాని కింది డ్రెయిన్ స్క్రూ, పైన రబ్బరు రింగు కూడా చూడండి. రింగు మెలిపడి కూర్చోవడం నేను నాలుగైదుసార్లు చూశాను.

జాయింటు పైన ఎం-సీల్ పూయడం, టెఫ్లాన్ టేపు చుట్టడం నాకు నచ్చదు. సముద్రం మధ్యలో ఒడ్డుకు చేరడానికి అయితే సరే. ఇంటికొచ్చాక తీసేయండి. టేపు పీలికలు తెగి లోపలికి పోయి అవే మళ్ళీ అడ్డం పడతాయి.

గాలి తీయడం

ఇది అందరికీ వచ్చనుకుంటారు, కానీ సగం తీసి సగం వదిలేసేవాళ్ళే ఎక్కువ. ట్యాంకు కాక్ తెరవండి. ఫిల్టరు పైనున్న చిన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి లివర్‌ను కొడుతూ ఉండండి. లివర్ చేతికి ఏ బరువూ తగలకుండా వదులుగా ఆడుతుంటే పంపు పోయిందని బెంగ పెట్టుకోకండి, లోపల క్యామ్ దాన్ని ఎత్తి పట్టుకుని ఉంటుంది, ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టండి, బరువు తెలుస్తుంది. మొదట ఉమ్మిలాంటి నురగ వస్తుంది, తర్వాత బుడగలతో డీజిల్, ఆ తర్వాత గట్టి ధార. ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక బిగిస్తే ఒక గుక్క గాలి మళ్ళీ లోపలే ఉండిపోతుంది. అదే పని పెద్ద పంపు మీది స్క్రూకు కూడా.

ఆఖరున నాజిల్ దగ్గరి పైపు నట్టు అర చుట్టు వదులు చేసి, రేసు ఫుల్‌లో పెట్టి, సిలిండర్లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పండి. టిక్కు టిక్కుమని చుక్కలు చిమ్మాక బిగించండి. అక్కడ వేలు పెట్టి చూడకండి. ఆ పైపులో ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుని డీజిల్‌ను లోపలికి పంపేంత ఉంటుంది. సూది పోటంతే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ అలాంటిది జరిగితే గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి, చెయ్యి పోయే ప్రమాదం అది.

ఎత్తుకోవడం లేదని గాలి గొట్టంలో పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది. డీజిల్ ఇంజను లోపల పెట్రోలు ఆవిరి వేళ కాని వేళ పేలుతుంది. పిస్టన్, రాడ్డు పోగొట్టుకున్నవాళ్ళను అడగండి.

నీళ్ళు, మురికి

నిషేధానికి ముందు, ఏప్రిల్ 14 సాయంత్రం బోటు పైకి లాగేటప్పుడు ట్యాంకులో సగం డీజిల్ వదిలేసి ఇంటికొచ్చేస్తాం. 61 రోజులు పగలు మండే ఎండ, రాత్రి తడి గాలి. ఖాళీ సగంలో ఉన్న గాలిలోని తడి ట్యాంకు గోడలకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. డీజిల్ కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరతాయి. నీళ్ళకూ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పుడుతుంది, బెండకాయ జిగురులా సాగుతుంది, అది జీవమున్న మురికి, ఒకసారి పట్టిందంటే ఫిల్టరు మీద ఫిల్టరు మార్చిస్తుంది. ఒడ్డున బోటు కదలదు కాబట్టి ఇవన్నీ అడుగునే నిద్రపోతాయి, అల మీదికెక్కగానే లేస్తాయి.

చూసే పద్ధతి తేలిక. ట్యాంకు అడుగు నుంచి లీటరు డీజిల్ తెల్ల సీసాలో పట్టి రాత్రంతా కదలకుండా పెట్టండి. తెల్లారి కింద గీత గీసినట్టు వేరే రంగు కనిపిస్తే నీళ్ళు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టాలి. వచ్చే ఏడాది నుంచి బోటు పైకి లాగేముందు ట్యాంకు నిండా నింపేయండి, అది కుదరకపోతే పూర్తిగా ఖాళీ చేసి ఆరనివ్వండి. సగం మాత్రం వద్దు. పోసేటప్పుడు గరాటులో సన్న జాలీ పెట్టండి. పాత లుంగీ గుడ్డ పెడితే నూలు పోగులు లోపలికి పోతాయి.

ఫిల్టరు మీద డబ్బు ఆదా చేయకండి, అంతే. కడిగి వేసుకునేది కాదు అది. బయటికి శుభ్రంగా కనిపించినా లోపల పూడి ఉంటుంది. మెల్లగా పోతే బాగా నడిచి, రేసు ఇవ్వగానే ముక్కే ఇంజనుకు ముందు మార్చాల్సింది ఇదే.

డీజిల్ తప్పు కానప్పుడు

చల్లబరిచే నీళ్ళు బయటికి వస్తున్నాయో లేదో ప్రతి పది నిమిషాలకు ఒక చూపు చూడటం అలవాటు చేసుకోండి. లోపలికి తీసుకునే చిల్లుకు ప్లాస్టిక్ కవరో జెల్లీఫిష్షో అతుక్కుంటే నీళ్ళు ఆగుతాయి, ఇంజను వేడెక్కి బిగుసుకుంటుంది, ఆపితే ఆ కవరు ఊడి పోతుంది, చల్లారాక మళ్ళీ బాగా నడుస్తుంది. చిన్నాన్న ప్లాస్టిక్ పెచ్చు కథే, నీళ్ళ వైపున. బకింగ్‌హామ్ కాలువలో తిరిగేవాళ్ళకు కవరు బదులు గుర్రపుడెక్క వేళ్ళు.

న్యూట్రల్‌కు తేగానే, లేదా గేరు మార్చేటప్పుడు మాత్రమే ఆగుతుంటే ఐడిల్ రేసు తక్కువగా ఉంది, స్క్రూ కొంచెం పెంచండి. పెంచినా ఆగుతుంటే షాఫ్టు చేత్తో తిప్పి చూడండి. బిగువుగా తిరిగితే సీలు దగ్గర నైలాన్ దారం చుట్టుకుని కరిగి ఉంగరంలా అయి ఉంటుంది. ఇంజను ఆపి, హ్యాండిల్ తీసి పక్కన పెట్టాకే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టాలి.

ఇవన్నీ అయ్యాక కూడా రేసు దానంతట అదే ఊగుతుంటే, అప్పుడు పెద్ద పంపును అనుమానించండి. లోపల డీజిల్ ఎక్కువ తక్కువ చేసే ర్యాకు అంటుకుంటూ వదులుతూ ఉంటుంది. అది మన చేతిలో పని కాదు, పంపు షాపు వాళ్ళదే. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఆగిపోతోంది" అని ఊరుకోకుండా మీ వాయిస్ మెసేజ్‌లు వినిపించండి. మంచి మెకానిక్ అయితే సంతోషిస్తాడు.

అవుట్‌బోర్డు మోటార్లకు

ఆగిన వెంటనే పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని పట్టుకోండి. చప్పగా అణిగిపోయి ఉంటే ట్యాంకు ఊపిరి బిగుసుకుంది, లేదా బుడ్డికి వెనక అడ్డం ఉంది. మెత్తగా ఉండి, నొక్కుతూ ఉంటే ఇంజను బతుకుతోందంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రం, లేదా ఎక్కడో గాలి. గట్టిగా రాయిలా ఉండి కూడా ఇంజను చచ్చిందంటే కార్బొరేటరు లేదా స్పార్కు. స్పార్కు ఆ క్షణంలోనే చూడాలి, ఎందుకంటే కాయిల్ వేడెక్కినప్పుడు పనిమానేసి చల్లారాక బుద్ధిగా పనిచేస్తుంది. ప్లగ్గు విప్పి పట్టుకునేముందు పెట్రోలు ఆవిరి లేకుండా చూసుకోండి. చేతికి కట్టుకునే తాడున్న కిల్ స్విచ్చి ఉప్పు పట్టి అప్పుడప్పుడు కలవడం కూడా ఠక్కున ఆగడానికి కారణం.

కిరోసిన్ మోటారయితే పెట్రోలు మీద స్టార్ట్ చేసి, బాగా వేడెక్కాకే కిరోసిన్‌కు తిప్పాలి, ఆపబోయే ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పి కాసేపు నడపాలి. వేడెక్కకముందే తిప్పినా, కిరోసిన్ మీద గంటల తరబడి మెల్లగా ఆడించినా ప్లగ్గులు మసిబారి ఆగుతుంది. పెట్రోలు పొదుపు చేద్దామని చేసే పని ఇది, ఆ డబ్బు ప్లగ్గులకు పోతుంది.

బోటులో ఉండాల్సిన పెట్టె

సామాన్ల పెట్టె అంటే పాత పానాలన్నీ పడేసే పెట్టె కాదు. ఫిల్టరు ఒకటి, రాగి వాషర్లు పది, క్లిప్పులు నాలుగు, రెండడుగుల డీజిల్ పైపు, ఆ పారదర్శకమైన గొట్టం, గాలి తీసే స్క్రూలకు సరిపోయే పానా విడిగా ఒకటి, సన్నటి తీగ, టార్చి, అయిదు లీటర్ల శుభ్రమైన డీజిల్ క్యాను. క్యాను పైపుతో సహా సిద్ధంగా ఉంటే ట్యాంకు మొరాయించినా దాని మీదే ఇల్లు చేరొచ్చు. లంగరుకు తాడు ఎంతుందో బయల్దేరేముందు చూడండి. వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ ఉంటే 16వ ఛానల్, ఫోను అందితే కోస్ట్‌గార్డు నంబరు 1554. నవంబరులో వాయుగుండం కబురు ఉన్నప్పుడు ఆగే ఇంజనుతో బయల్దేరడం గురించి నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోవాళ్ళు చెప్తారు.

హ్యాండిల్‌కు ఒక గజం తాడు కట్టి బోటు చెక్కకు ముడి వేసి ఉంచండి. మాదొకటి పాకల ఎదురుగా ఎక్కడో ఇప్పటికీ సముద్రం అడుగున ఉంది.